నడుమ చిల్లున్న పళ్లెం

ఉగాదికి మా మరిది భూపేష్ బెంగళూరు నుంచి వస్తూ ఒక నల్లని పెట్టె తెచ్చి మా టీవీ కింద పెట్టాడు. వీడియో గేములు ఆడే మిషను. తను కొత్తది కొనుక్కున్నాడట, పాతదాన్ని పారేయడానికి మనసు రాలేదట. అతనికి మనసు రానివన్నీ అన్న ఇంటికి చేరడం మామూలే. అంతకు ముందు ఏడాది ఒక వ్యాయామం సైకిలు వచ్చింది. దాని మీద మేం వడియాల గుడ్డ ఆరేసుకుంటున్నాం.

"వదినా, దీంట్లో ఆటలుండాయి. అన్నీ నా అకౌంట్లో దుడ్లు పెట్టి కొన్నవే. మీరూ ఆడుకోండి," అన్నాడు, రాజుగారు ఊళ్లు రాసిచ్చినట్టు.

మా అత్త ఓబులమ్మ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ సన్నని నోరెందుకురా దీనికి?"

"డిస్కు పెట్టేదానికిమా. ఇప్పుడెవురూ పెట్టరులే. అంతా నెట్లో దించుకునేదే. నా కొత్తదానికి ఆ నోరే లేదు."

"నోరు లేకుండా ఎట్ల తింటాదిరా?"

భూపేష్ నవ్వి కాఫీ గ్లాసు అందుకున్నాడు. ఆ గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా 'ఓబులమ్మ' అని కొట్టి ఉంది. ఒక్క గ్లాసేమిటి, మా ఇంట్లో చెంచా మొదలు అన్నం వార్చే గుండిగ దాకా అన్నిటి మీదా అదే పేరు. పెళ్లిళ్లకూ దినాలకూ గిన్నెలు వీధంతా తిరుగుతాయి, పేరు కొట్టని గిన్నె తిరిగి గడప తొక్కదని ఆమె నమ్మకం. నేను కాపురానికి తెచ్చుకున్న ఇడ్లీ పాత్ర మీద కూడా వారం తిరక్కుండా ఆ పేరు వెలిసింది. నా పేరు ఈ ఇంట్లో ఎక్కడుందని వెతికితే, డిగ్రీ పట్టా మీద ఒకసారి, గ్యాసు పుస్తకం మీద ఒకసారి కనిపిస్తుంది. ఆ రెండూ బీరువాలోనే ఉంటాయి, వీధి తిరగవు.

బేతంచెర్లలో ఎండాకాలం అంటే ఎండ, పైన బండల దుమ్ము. మా ఆయనకు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ. పొద్దున్న నల్లగా వెళ్లి మధ్యాహ్నం తెల్లగా వస్తాడు. అన్నం తిని మళ్లీ పోతాడు. తర్వాత ఇంట్లో నేనూ, గోడ వైపు తిరిగి పడుకున్న మా అత్తా.

ఆమె గోడ వైపు తిరిగి నాలుగేళ్లయింది. మా చేని కింద మంచి బండ పడిందని మా ఆయన దాన్ని క్వారీకి గుత్తకిచ్చాడు. ఇప్పుడక్కడ చేను లేదు, చేనంత గుంత ఉంది. అత్త కొట్లాడలేదు, ఏడవలేదు. "సరే కానీయప్పా," అని వచ్చి పడుకుంది. అంతకు ముందు వీధి చివరి దాకా వినపడే గొంతు, ఆ తర్వాత "చారు పోయి" దగ్గర ఆగిపోయింది.

సరే, మధ్యాహ్నం పూట ఏం తోచక ఒక రోజు ఆ పెట్టె పెట్టాను. కాల్చుకునే ఆటలు, కార్లు గుద్దుకునే ఆటలు దాటుకుంటూ పోతే ఒక సేద్యం ఆట కనపడింది. ట్రాక్టరు ఉంది, చేను ఉంది, వానలున్నాయి. నేను చదివింది బీఎస్సీ, దున్నింది సున్నా. అయినా టీవీలో దున్నితే అడిగేవాళ్లెవరు? టీవీ గొంతు తగ్గించి, చేతిలో ఆట నడిపే మీటల పట్టీ పట్టుకుని విత్తనం వేయడం మొదలుపెట్టాను.

మూడో సాలు సగంలో ఉండగా వెనక నుంచి వినపడింది.

"మేయ్. ఆ సాలు వంకర బోతాంది."

తిరిగి చూశాను. అత్త ఇంకా గోడ వైపే ఉంది. మెడ మాత్రం ఇటు తిరిగింది.

"ఆటేలే అత్తా."

"ఆటైతే మాత్రం? వంకరగా ఏస్తే కలుపు ఎట్ల తీస్తావు? అయ్యో అయ్యో, గట్టు ఎక్కిస్తాండావు సూడు! ఈడికి తే దాన్ని."

లేచి వచ్చి నా చేతిలోది లాక్కుంది. ఏ మీట నొక్కితే ఏమవుతుందో నేను చెప్పేలోపల ట్రాక్టరు వెనక్కి పోయి పశువుల కొట్టాం గోడను గుద్దింది. రెండోసారి చెరువులో దిగింది. "బ్రేకు యాడుండాదే దీనికి?" అని అరిచింది. ఆ అరుపు వీధి చివరిదాకా పోయింది. ఎదురింటి మదార్ బీ చేతిలో చాటతో పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందక్కా? ఎవురు పడిరి?"

"ఎవురూ పడలేదు మదార్ బీ, చెరువులో ట్రాక్టరు పడింది. కూసో, తీస్తాండా."

ఆ వారంలో మా ఇంటి లెక్కలన్నీ మారిపోయాయి. పొద్దున్నే స్నానం, దేవుడికి దీపం, తర్వాత చేను. మా అత్త గోధుమ వేసింది, మొక్కజొన్న వేసింది. "శెనక్కాయలు లేవు, ఇదేం ఊరు?" అని ఆ ఆట చేసినవాళ్లను తిట్టింది. సోమవారం మాత్రం పెట్టె ముట్టనిచ్చేది కాదు. మా వైపు సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు.

"అత్తా, అది ట్రాక్టరు. దానికి సోమవారమేంది?"

"దానికి లేకపోతే నాకుండాది."

ఆ సోమవారాలు నేను దొంగగా కార్లు గుద్దుకునే ఆట ఆడుకునేదాన్ని. దాని సంగతి ఇక్కడ అవసరం లేదు.

మదార్ బీ రోజూ మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చునేది. ఆమెకు చేను మీద ఆశ లేదు, ఆటలో కోళ్లున్నాయని తెలిసినప్పటి నుంచీ కోళ్లు కావాలంది. "ఓబులక్కా, నాలుగు కోళ్లు కొనియ్యి, నేను మేపుకుంటా." "గింజలు తింటాయి, పో." ఇద్దరూ టీవీలో లేని కోళ్ల గురించి నిజంగా కొట్లాడుకుని, నిజంగా అలిగి, మరుసటి రోజు నిజంగా మజ్జిగ తాగి కలిసిపోయేవాళ్లు. మా ఆయన అన్నానికి వచ్చి గడపలో నిలబడి, వాళ్లమ్మ నవ్వడం చూసి, దుమ్ము దులుపుకోవడం కూడా మరిచిపోయి, "ఏమ్మా, పంటెట్లుండాది?" అనేవాడు.

"బండ తగలకుండా ఉంటే బాగనే ఉంటాది," అనేది. ఆయన కిందికి చూస్తూ చేతులు కడుక్కోవడానికి పోయేవాడు. కానీ ఆ మాట అన్నదని నాకు సంతోషంగానే ఉండేది. నాలుగేళ్లుగా ఆమె దాచుకున్నది అదొక్కటే, అది బయటికొస్తోంది.

మే నెల నడుమ పొద్దుతిరుగుడు కోతకొచ్చింది. టీవీ నిండా పసుపు. రేపు కోత అని మదార్ బీకి కూడా కబురు చెప్పింది అత్త. మరుసటి పొద్దున కొత్త చీర కట్టుకుని కూర్చుంది. పెట్టె వేస్తే ఆట బొమ్మ పక్కన చిన్న తాళం గుర్తు. నొక్కితే తెరుచుకోలేదు. ఆర్పి వేశాను. తాళం. తీసి పెట్టాను. తాళమే.

భూపేష్‌కు ఫోన్ చేసి స్పీకరులో పెట్టాను.

"ఓ అదా వదినా! కొత్త మిషన్‌ని నా పేరు మీద మెయిన్‌ది చేసుకున్నా. ఇంక పాతదాంట్లో నా ఆటలు తెరుచుకోవు."

"మళ్లీ మార్చరాదా అబ్బీ?"

"ఊరికూరికే మార్చనియ్యరు వదినా, కంపెనీ రూలు. ఇంగ ఆర్నెల్లు ఆగల్ల."

అత్త ఫోన్ దగ్గరికి వంగింది. "నువ్వు కొన్నావు గదరా? దుడ్లిచ్చి కొంటినంటివే?"

"కొన్నా మా. కానీ కొనేదంటే వస్తువు కొనేది కాదు. ఆడుకునేదానికి వాళ్లు ఇచ్చే పర్మిషను, అంతే."

అత్త వంగినదల్లా నిటారుగా లేచింది. "అంటే గుత్తకు తీసుకుంటివి. పట్టా వాళ్లది."

"అట్లనే అనుకో."

"దున్నేది నేను, తాళం వాళ్లదా?"

మదార్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అత్త కొత్త చీర కూడా మార్చుకోకుండా పోయి పడుకుంది. గోడ వైపు.

మా ఆయన ఆ మధ్యాహ్నం వచ్చి ఆ వీపు చూశాడు. చారు మాత్రం పోసుకుని తిన్నాడు. పోయేటప్పుడు గడపలో నా దగ్గర ఆగి, "ఏమన్నా చెయ్యి తనూజా," అన్నాడు. క్వారీ కాగితం మీద సంతకం పెట్టే రోజున కూడా అంత మెల్లగా మాట్లాడలేదు ఆయన.

నేను పెట్టె తుడుస్తుంటే చేతికి ఆ సన్నని నోరు తగిలింది.

మరుసటి రోజు అత్తను లేపి కర్నూలు బస్సెక్కించాను. "గోడకు నువ్వు లేకుంటే తోచదులే, ఒక్క దినం ఓర్చుకుంటాది," అంటే నా వైపు గుర్రుగా చూసింది కానీ వచ్చింది. కర్నూలులో పెద్ద అద్దాల అంగడిలో అడిగితే, డిస్కులు తెప్పించడం మానేశామని ఒక కార్డు చేతిలో పెట్టారు. గీకితే నంబరు వస్తుందట, నంబరు కొడితే ఆట దిగుతుందట.

"గీకితే వచ్చే చేను నాకొద్దు," అని అత్త మెట్లు దిగేసింది.

అక్కడా ఇక్కడా అడుక్కుంటూ పోతే బస్టాండు వెనక సందులో రబ్బానీ అనే అతని అంగడి చూపించారు. పాత ఫోన్లు బాగు చేస్తాడు, పక్కన ఒక అట్టపెట్టె నిండా పాత డిస్కులు. అతను వెతుకుతూ, "మనవడికా అవ్వా?" అన్నాడు.

"నాకేనప్పా. పొద్దుతిరుగుడు ముదిరిపోతాంది, బిరీన సూడు."

రబ్బానీ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

అట్టపెట్టె అడుగున దొరికింది. అదే ఆట, అదే ట్రాక్టరు బొమ్మ. నేను మా కష్టం చెప్పాను. మేం వేసిన చేను మా మిషన్‌లోనే దాచి ఉంటుందని, ఈ డిస్కు పెడితే ఆపిన చోటనే తెరుచుకుంటుందని, పువ్వు ఒక్కటి కూడా రాలి ఉండదని అతను చెప్పాడు. అత్త ముఖంలోకి మళ్లీ కళ వచ్చింది.

"ఇది కొంటే ఎవురిది?" అని అడిగింది.

"నీదే అవ్వా."

"తాళం ఏసేది ఎవురు?"

"ఎవురూ ఏసేది లేదు. డిస్కు నీ చేతిలో ఉంటే ఆట నీదే."

"ఎదురింటికి ఇయ్యొచ్చా?"

"వాళ్లకూ ఇట్లాంటి నోరుండే మిషనుంటే, ఇచ్చుకో."

మదార్ బీ మనవరాలు సమీరా దగ్గర అలాంటి మిషను ఉందని అత్తకు తెలుసు. "ఇచ్చినాక మల్లా తెచ్చుకోవచ్చా?"

రబ్బానీ నవ్వాడు. "వాళ్లు తిరిగిస్తే తెచ్చుకో అవ్వా!"

అతను సరదాగానే అన్నాడు. అత్త మాత్రం నవ్వలేదు. ఆ మాట పట్టుకుని అంగడి దిగింది. వచ్చేటప్పుడు రబ్బానీ నాతో, "గీత పడకుండా సూసుకో అక్కా, గీత పడితే అయిపాయె," అని చెప్పాడు. అది నాకు చెప్పాడు. ఆమెకు చెప్పి ఉండాల్సింది.

నేను జాకెట్టు గుడ్డకని ఒక అంగట్లో దూరాను. "నేనీడ కూసుంటా," అని అత్త పక్కనే స్టీలు సామాన్ల అంగడి అరుగు మీద కూర్చుంది. రంగు కలిసే గుడ్డ దొరకడానికి కాస్త సేపు పట్టింది. బయటికొస్తుంటే 'గిర్ర్' మని చప్పుడు వినపడింది. గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను చప్పుడు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, నా ఇడ్లీ పాత్ర పోయింది ఆ చప్పుడుతోనే.

"ఇన్ని గిన్నెలకు కొట్టినా గానీ, నడుమ చిల్లున్న పళ్లెం ఎప్పుడూ చూళ్లేదమ్మా," అంటున్నాడు పేర్లు కొట్టే ఆయన, డిస్కు ఊది అత్తకు అందిస్తూ.

నేను చేరుకునేసరికి ఆమె దాన్ని డబ్బాలో పెట్టి, టప్పున మూసి, సంచిలో వేసేసుకుంది.

"అత్తా, ఏం చేసినావు?"

"పేరు కొట్టిచ్చినా. లేకుంటే తిరిగి వస్తాదా? ఆయప్ప ఏమన్నాడో నువ్వు ఇనలా?"

నేను చదివిన బీఎస్సీలో ఇలాంటి సందర్భానికి పాఠం లేదు. బస్సులో ఆమె కిటికీ పక్క కూర్చుని పక్కావిడతో, "మాది పొద్దుతిరుగుడు, రేపు కోత," అని చెబుతోంది. ఆవిడ నిజం అనుకుని ఎన్ని ఎకరాలని అడుగుతోంది. నాలుగేళ్ల తర్వాత ఎవరో ఆమెను ఎన్ని ఎకరాలని అడిగారు. ఆ సంభాషణ మధ్యలో నేను దూరి, డిస్కు చచ్చిపోయిందత్తా అని ఎలా చెప్పను? డోన్ దాటాక మాత్రం ఉండబట్టక, "ఏ పక్క కొట్టించినావు?" అని అడిగాను.

"బొమ్మ పక్క. మెరిసే పక్క అద్దం మాదిరి ఉండాది. దాన్ని ఎవురన్నా పాడు చేసుకుంటారా?"

ఇల్లు చేరేసరికి మా ఆయన ఫ్యాక్టరీ నుంచి తొందరగా వచ్చి ఉన్నాడు. మదార్ బీ అరుగు మీద ఉంది. డిస్కును నేను పెడతానంటే అత్త ముట్టనివ్వలేదు. తనే తీసి, తనే ఆ నోట్లో పెట్టింది. పెట్టె దాన్ని లోపలికి లాక్కుంది. లోపల 'గుర్ర్' మని ఒక చప్పుడు మొదలైంది. అలాంటి చప్పుడు అది ఎప్పుడూ చేయలేదు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఏమ్మేయ్, నిద్రొస్తాందా? కోత మిషను యాడ పెట్టినావు?"

కళ్లు తెరిస్తే టీవీ నిండా పసుపు.

ఆ సాయంత్రం కోత అయింది. మదార్ బీ పక్కన నిలబడి "అటు పక్క ఇడిసిపెడ్తివి అక్కా, అటు పక్క" అంటూనే ఉంది. మా ఆయన స్నానం చేయకుండా తెల్లటి మనిషిగా నేల మీద కూర్చుని చివరి సాలు దాకా చూశాడు. కోత అయ్యాక అత్త ఆయన చేతికి మీటల పట్టీ ఇచ్చింది. "పెద్దోడా, దున్ను. ఈసారి నీ వంతు." ఆయన వేసిన సాలు నాకంటే వంకర. ఆమె ఎంత తిట్టిందో, ఆయన అంత నవ్వాడు.

మరుసటి రోజు రబ్బానీకి ఫోన్ చేసి జరిగింది చెబితే కాసేపు దగ్గుతూ ఉండిపోయాడు. ఆ రకం డిస్కులో ఆట అంతా మెరిసే పక్కనే ఉంటుందట, బొమ్మ పక్క మందంగా ఉంటుందట. "పాత సీడీ అయ్యింటే అంతే అక్కా. అయినా పేరు కొట్టిచ్చినోళ్లను నేను యాడా సూళ్లేదు," అన్నాడు. నేను అత్తకు ఇదేం చెప్పలేదు. చెబితే ఆ అట్టపెట్టెలో ఉన్నవాటన్నిటికీ పేర్లు కొట్టించుకొమ్మని రబ్బానీకే ఫోన్ చేయిస్తుంది.

బక్రీదుకు ముందు, చేను ఖాళీగా ఉన్న రోజుల్లో, అత్త తన చేతులతోనే డిస్కును డబ్బాలో పెట్టి మదార్ బీకి ఇచ్చింది. "పో, కోళ్లు మేపుకో పో. ఏరువాక నాటికి నాకు కావల్ల."

ఏరువాక పున్నమి వచ్చింది. ఎద్దులు లేవు గనక అత్త పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, దాని మీద పువ్వు పెట్టింది. గాలి ఆడాలని పువ్వును మాత్రం నేను కాస్త పక్కకు సర్దాను. భక్ష్యాల వేళకు భూపేష్ దిగాడు, ముఖం వేలాడేసుకుని.

ఏదో బ్యాంకు కార్డు మార్చాడట, లెక్క కుదరలేదని కంపెనీవాళ్లు అతని అకౌంటు ఆపేశారట. కొన్నవన్నీ లోపల ఉండిపోయాయట. కొత్త మిషను ఊరికే దీపం పెట్టుకుని కూర్చుందట.

"నాకూ తాళం ఏసిరి మా," అన్నాడు.

అత్త అతని విస్తట్లో ఇంకో భక్ష్యం వేసింది, నెయ్యి కూడా ఎక్కువ పోసింది. కానీ నోటి చివర నవ్వు దాగలేదు.

"అమ్మా, ఆ డిస్కు నాకియ్యరాదా? డిస్కులు తిప్పే పెట్టె వేరేగా అమ్ముతారు, నా మిషనుకు తగిలించుకుంటా."

"నోరు కొంటానంటాండావు."

"అట్లనే అనుకో. ఎట్లా నీ పేరు కొట్టించినావంట గదా. నీదైతే నాది కాదా?"

"నాదైతే ఇయ్యనా నాయినా? నాది గాదు."

హాస్యమాడుతోంది అనుకున్నాను. అంతలో మదార్ బీ డిస్కు డబ్బా పట్టుకుని వచ్చింది. "తీసుకో తనూజమ్మా, ఏరువాక అన్నది గదా అక్క." మా వీధిలో తీసుకున్న గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. డబ్బా కూడా గిన్నె కిందే లెక్క. తెరిస్తే డిస్కు మీద మెత్తటి కాగితం, కాగితంలో పండగ ఖర్జూరాలు. ఖర్జూరాలు తీసి పక్కన పెట్టాను.

ట్రాక్టరు బొమ్మ పైన, వంపు తిరిగి, చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. మూడే అక్షరాలు.

తనూజ.

ఇంకోసారి చదివాను. వేలితో కూడా చదివాను.

అత్త నా వైపు చూడకుండా భూపేష్ విస్తరి వైపు చూస్తూ అంది: "నా పేరు కొట్టిస్తే మాయమ్మది అని ఎత్తుకపోతావు నువ్వు. వదినెదైతే అడిగి తీసుకపోవల్ల. ఇంకో భక్ష్యం ఏయనా?"

భూపేష్ నోట్లో ముద్దతో నా వైపు తిరిగాడు. "వదినా... ఇస్తావా?"

"ఇస్తా. గుత్తకు," అన్నాను. "మాకు కోత అయినాక. డబ్బా ఖాళీగా రాకూడదు."

మదార్ బీ పకపకా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. అత్త మాత్రం చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "ఇంక పెట్టు, పొద్దుపోతాంది," అంది. డిస్కు కోసం చేయి చాచలేదు.

ఆ రోజు నేనే పెట్టాను. పెట్టె లోపలికి లాక్కుంది, 'గుర్ర్' మని తిరగడం మొదలుపెట్టింది. ఇన్ని రోజులుగా మా ఇంట్లో అలా చప్పుడు చేస్తూ తిరుగుతున్నది నా పేరేనని అప్పుడే తెలిసింది.